కానరాని జ్వాలకు కాపలా

రెండువేల ఇరవై నాలుగవ సంవత్సరం, అరవవారి ఆడి మాసం, అంటే గాలులు వీచే ఆషాఢపు రోజులు. తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టికీ విరుదునగరుకూ నడుమ, పెద్దరోడ్డుకు పడమటగా ఒక రోలింగ్ మిల్లు ఉన్నది. ఉక్కు దిమ్మెలను ఎర్రగా కాల్చి, తిరిగే రోలర్ల నడుమ నలిపి, ఇండ్లు కట్టుకొనేవారికి కావలసిన కడ్డీలుగా సాగదీసే కర్మాగారమది. బాయిలర్లనూ కొలుములనూ పరీక్షించే ఉద్యోగం నుండి విరమించి అప్పటికి ఆరేండ్లయినా, నిప్పుకు సంబంధించిన చిక్కు వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల వారు నన్ను సలహాకు పిలుస్తూనే ఉన్నారు. ఆ ఏడు పిలిచిన కారణం మాత్రం నా అనుభవంలో లేనిది. వారు కొలిమికి ఆహారం మార్చదలచారు.

దిమ్మెలను కాల్చే కొలిమిని రీహీటింగ్ ఫర్నేస్ అంటారు. అంతవరకు అది ఫర్నేస్ ఆయిల్ అనే నల్లని చిక్కని నూనెతో మండేది. దాని పొగ చుట్టుపక్కల ఇండ్ల దండేల మీద ఆరేసిన బట్టలకు బాగా తెలుసు. ఉక్కు, సిమెంటు, గాజు వంటి భారీ పరిశ్రమలలో మరలు తిప్పడానికి విద్యుత్తు చాలును గాని, ఆ మహాతాపాన్ని పొగ లేకుండా పుట్టించడం కష్టం. అందుకు చెప్పుకొనే మార్గాలలో గ్రీన్ హైడ్రోజన్ ఒకటి. గాలిమరల విద్యుత్తును నీటిలోనికి పంపి, ఆ నీటిని ఉదజనిగా, ఆమ్లజనిగా విడదీసే యంత్రం పేరు ఎలక్ట్రోలైజర్. అట్లా పుట్టిన ఉదజనిని మండిస్తే మిగిలేది నీటి ఆవిరి మాత్రమే. ఆడిగాలికి కయత్తారు మెట్టపొలాల మీద మరలు ఊపిరి తిప్పుకోకుండా తిరిగే రోజులవి. పరీక్షకు అంతకంటె మంచి కాలం లేదు. మొదట ఒక్క బర్నర్‌ను మాత్రమే మార్చి, పరీక్ష జరిగినన్నాళ్లు మిగిలినవాటిని ఆపి ఉంచారు.

ఆ కొలిమి ముందు మెట్టు మీద ముప్పై ఏండ్లుగా నిలబడినవాడు కొండసామి. నాగలాపురం మనిషి. నల్లరేగడిలో పత్తి, కంబు అనే సజ్జలు పండించే మా బోటి తెలుగు కుటుంబంలో పుట్టి, వరుసగా మూడేండ్లు వాన రాకపోతే మిల్లుకు వచ్చినవాడు. గోడలో పిడికిలంత చూపుడు రంధ్రం ఉంటుంది, పీప్ హోల్ అంటారు. నీలిరంగు అద్దం కంటికి అడ్డం పెట్టుకొని అందులోనుండి ఒక్కసారి చూసి, "మోదుగపూ రంగు చాలదు, తంగేడు రంగు రావాల" అనేవాడు. తంగేడు రంగు వచ్చినదని అతడు చెయ్యి ఎత్తిన క్షణాన దిమ్మె బయటికి వచ్చేది. తాపమానంతో నేను ఎన్నిసార్లు సరిచూసినా అతని కన్ను తప్పలేదు.

అతని విరమణకు ఇంకా రెండేండ్లున్నవి. పరీక్ష మొదలయ్యే ముందు మేనేజరు వేలుచామి అందరినీ నిలబెట్టి అరవంలో ఒక మాట చెప్పాడు: కొత్త మంటతో పనిచేయలేనివారు గేటు కాపలాకు పోవలసి ఉంటుంది. జీతం తగ్గదు. కాని ముప్పై ఏండ్లు నిప్పును ఏలినవాడికి, వచ్చిపోయే లారీల నంబర్లు చూస్తూ కూర్చోవడం ఎట్టిదో కొండసామి ముఖం చూసి నాకు తెలిసింది.

బర్నర్ తయారుచేసిన సంస్థ తరఫున వచ్చిన ఇంజినీరు పూర్ణిమ గుంటూరు పిల్ల. ముప్పై నిండలేదు. మా ఇద్దరి మాటలు వినగానే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"బాబాయ్ గారూ, మీ తెలుగు మా నాయనమ్మ తెలుగులా ఉంది."

"నాయనమ్మ బాగుండాదా పాపా?" అన్నాడు కొండసామి.

"ఉంది, తొంభై ఏళ్లు."

"అట్లయితే మా తెలుగుకీ ఏమీ కాదు."

మొదటిసారి వెలిగించే ఉదయాన అతడు గుప్పిట రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొని వచ్చాడు. కొలిమిని చల్లార్చి తిరిగి వెలిగించినప్పుడెల్లా దిష్టి తీసి లోపల వేయడం ఆ మిల్లు పుట్టినప్పటి నుండి ఉన్న ఆచారం. పూర్ణిమ చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల ఏమీ వేయకండి బాబాయ్. ఇది సున్నితమైన బర్నరు."

అతడు ఆ గుప్పిటను చొక్కా జేబులో వేసుకొన్నాడు. బర్నర్ వెలిగింది. కంట్రోలు పలక మీద పచ్చదీపం వచ్చింది. కొండసామి రంధ్రంలోనికి చూసి, అద్దం తుడుచుకొని, మళ్లీ చూశాడు.

"అగ్గి యాడమ్మా?"

"ఉంది బాబాయ్. ఉదజని మంటలో మసి ఉండదు, అందుకే కంటికి కనిపించదు. అదిగో, స్కానర్ చూస్తోంది."

స్కానర్ అంటే మంటలోని అతినీలలోహిత కిరణాలను పసిగట్టే ఎలక్ట్రానిక్ కన్ను. మంట లేదని దానికి తోచిన మరుక్షణం వాయువును తానే ఆపివేస్తుంది.

"అది చూస్తే చాలునా? ఈడ నిలబడేది నేను గదా," అన్నాడు కొండసామి. కొంతసేపటికి నాతో మెల్లగా, "కానరానిదానికి ఎట్ల కావలుండేది అయ్యా? దొంగకైనా నీడ ఉంటుంది," అన్నాడు.

నేను నవ్వి ఊరుకొన్నాను. ఆ ప్రశ్నకు జవాబు వెదకవలసినది నేనే అని నాకు అప్పుడు తోచలేదు.

రెండవ రోజు ఉదయం పది గంటల ప్రాంతంలో కొలిమి ట్రిప్ అయింది, అంటే స్కానర్ మంట లేదని చెప్పి వాయువును కోసివేసింది. లోపలి దిమ్మెలు సగం కాలి నిలిచిపోయాయి. స్కానర్ ముందున్న చిన్న గాజుబిళ్ల మీద తెల్లని పలుచని పొర కనిపించింది. ఉదజని మండితే ఆవిరి వస్తుంది గనుక, ఆ ఆవిరీ ధూళీ కలిసి పేరుకొన్నవని పూర్ణిమ తలచింది, నేనూ ఔనన్నాను. తుడిచి మళ్లీ వెలిగించాము. మూడవ రోజు అదే వేళకు అదే జరిగింది. బిళ్ల మీదికి గాలి ఎక్కువగా ఊదే ఏర్పాటు చేశాము. నాలుగవ రోజు కొంచెం ఆలస్యంగా, పదకొండు గంటలకు ఆగింది.

ఆ సాయంత్రం వేలుచామి నన్ను గదిలోనికి పిలిచాడు. యంత్రం కొత్తది, దాన్ని తప్పుపట్టలేను, మెట్టు మీద మనిషి పాతవాడు, సోమవారం నుండి అతడిని గేటుకు పంపుతున్నాను అన్నాడు. రెండు రోజులు ఆగమని అడిగాను. ఒక్క రోజు ఇచ్చాడు.

ఐదవ రోజు కొలిమి ఆగగానే స్కానర్‌ను నేనే విప్పాను. తెల్లని పొరను వేలితో తీసి నాలుకకు తగిలించుకొన్నాను. కర్మాగారాలలో చేయదగిన పని కాదు. ఎవరికీ సలహాగా చెప్పను. ఉప్పగా ఉన్నది. వెంటనే చూపుడు రంధ్రం దగ్గరకు పోయి లోపలి అంచు చూశాను. ఆ ఇటుకలు ఊరగాయ జాడీ వలె నున్నగా మెరుస్తున్నవి. జాడీలకు ఆ మెరుగు ఎట్లా వస్తుందో నాకు తెలుసు: ఆవం బాగా కాలిన సమయంలో కుమ్మరులు లోపలికి ఉప్పు చల్లుతారు.

కొండసామి క్యాంటీను అరుగు మీద టీ తాగుతున్నాడు. పక్కన కూర్చొని, "దినమూ వేస్తున్నావా?" అని అడిగాను. ఏమిటని అతడు అడగలేదు.

"మొదటి దినం దిష్టికే అయ్యా. పాప అట్ల పోయినాక, చూసే బెజ్జంలోనుండి జేబులోది వేసినా. వెయ్యకుండా ఇంటికి పోతే నిద్ర పట్టదని. వేసినదే తడవు, అగ్గి కానొచ్చింది. పసుప్పచ్చగా, తంగేడుపూ మాదిరి. రెండు నిమిషాలు నిలబడి మళ్లీ మాయమాయె. ఆమేల దినమూ పొద్దున ఒక పిడికెడు వేస్తా ఉండా. అగ్గి మొగం ఒకసారి చూడకుంటే నాకు చెయ్యి ఆడదు."

ఉప్పులోని సోడియం ఏ మంటకైనా పసుపు రంగు తెస్తుంది. తాయిల్‌పట్టిలో టపాకాయలు చేసే పిల్లవాణ్ణి అడిగినా ఈ సంగతి చెబుతాడు. శాస్త్రం చదివిన మా ఇద్దరికీ అది తట్టలేదు.

"నీ ఉప్పే కొలిమిని ఆర్పుతున్నది కొండసామీ. ఆవిరై పోయి స్కానర్ కంటికి పొర కమ్ముతున్నది."

అతడు గ్లాసు కింద పెట్టాడు.

"అట్లయితే గేటుకు పోవల్సిందే," అన్నాడు. "తప్పు నాదే. మీరు రాసేసేయండి."

నిజం చెప్పాలంటే, రాయవలసిన వాక్యం అప్పటికే నా మనస్సులో సిద్ధమైపోయింది. "అజ్ఞానమూలకమైన ఒక అలవాటు" అనే సమాసం కూడా కుదిరింది. దానిని పట్టుకొనే అతడిని వెంటబెట్టుకొని పూర్ణిమ దగ్గరకు పోయాను. ఆమె అంతా విన్నది. మండిపడుతుందనుకొన్నాను. ఆమె అడిగినది వేరు.

"కనిపించినప్పుడు మంట ఎలా ఉంది బాబాయ్?"

కొండసామి అరచెయ్యి చాచి, దానిని ఎడమకు వాల్చి చూపాడు. "నేరుగా పోలేదు పాపా. ఎడమ గోడను నాకుతా ఉండాది. నూనె మంట అట్ల నాకితే నేను ఊరుకుందునా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పేది? ఉప్పు వేసినానని చెప్పకుండా, చూసినానని ఎట్ల చెప్పేది?"

పూర్ణిమ నా వైపు చూసింది. నేను తల దించుకొన్నాను.

మరునాడు కొలిమిని పూర్తిగా చల్లార్చి బర్నర్‌ను బయటికి లాగాము. వాయువు వచ్చే చిన్న రంధ్రాలలో ఒకదానికి, బిగింపులో వాడిన ప్యాకింగ్ తాడు ముక్క అడ్డుపడి ఉన్నది. అందువల్ల మంట ఎడమకు ఒరిగింది. ఆ పక్క ఇటుకలు అప్పటికే మెత్తబడి, గోటితో గీకితే రాలుతున్నవి. మా తాపమానాలు పైకప్పులోనూ కుడి గోడలోనూ ఉన్నందున వాటికి ఏమీ తెలియలేదు. ఇంకొన్ని వారాలు అట్లే నడిపితే ఆ గోడ నిలిచేది కాదు. నిలవని గోడకు అవతలనే కొండసామి నిలబడే మెట్టు.

వేలుచామి గదిలోనికి ముగ్గురమూ పోయాము. నేను నోరు తెరవకముందే కొండసామి తానే చెప్పేశాడు, ఎన్ని రోజులు వేసినదీ, ఎంత వేసినదీ, వద్దన్నాక వేసినదీ. మేనేజరు ముఖం ఎర్రబడింది. అప్పుడు పూర్ణిమ తనకు వచ్చిన కొద్దిపాటి అరవంలో అడ్డుపడింది. ఉప్పు వేయడం తప్పే, ఇక వేయరు. కాని మా యంత్రాలేవీ చూడనిదానిని చూసినవారు ఈయన ఒక్కరే. తాడు ముక్క వదలివేసినది మా బిగింపువారు. రెండవ బర్నర్ దగ్గర ఈయన లేకపోతే నేను వెలిగించను అన్నది.

"అంటే రోజూ ఉప్పు వేయించమంటారా?" అన్నాడు వేలుచామి.

"రోజూ కాదు సార్. కొత్తగా బిగించిన ప్రతిసారీ ఒక్క చిటికెడు, పొడుగు గరిటెతో, నేను పక్కనుండగా. మంట నిటారుగా ఉందో లేదో ఆయన చూసి చెప్పాలి. ఆ తరువాత స్కానర్ అద్దం తుడిచేస్తాం."

వేలుచామి చాలాసేపు బల్ల మీద వేళ్లు ఆడించాడు. చివరకు గేటుకు వేరే మనిషిని చూడమని గుమాస్తాకు ఫోనులో చెప్పాడు. బయటికి వచ్చాక కొండసామి మెట్ల మీద కూర్చొన్నాడు. పూర్ణిమ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఉప్పుతో రోజులు గడవవు గనుక, కంటికి అందని కిరణాలను బొమ్మగా మార్చి చూపే కెమెరా ఒకటి నెల తిరగకుండా మెట్టు పక్కన అమర్చారు. "టీవీలో అగ్గి" అని కొండసామి వారం రోజులు దానిని ఎగతాళి చేశాడు. ఎనిమిదవ రోజు దాని ముందు నిలబడి, "రెండో బర్నరు కొంచెం సోమరిగా ఉండాది పాపా, ఒకసారి చూడు," అన్నాడు. చూస్తే గాలి కవాటం కొంచెం మూసుకొని ఉన్నది. ఇప్పుడు ఇద్దరు యువకులకు ఆ బొమ్మను చదవడం నేర్పుతున్నాడు, తంగేడూ మోదుగా మాటలతోనే.

నా నివేదికలో ఆ సమాసం పెట్టలేదు. జ్వాల ఎడమకు ఒరిగినదని మొదట కనిపెట్టినవారు కొలిమి ఆపరేటరు కొండసామి అని రాసి, ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో అతనికి వినిపించాను. ఉప్పు సంగతి కూడా రాశారా అని అడిగాడు. రాశానన్నాను. "సరి, రెండూ ఉండాల," అన్నాడు.

ఇన్నేండ్లలో ఎన్నో ప్రమాదాలను విచారించాను. ప్రతిచోటా నా మొదటి ప్రశ్న "నీవేమి చేశావు?" అనే ఉండేది. జీవనానికి భయపడే మనిషి ఆ ప్రశ్నకు తాను చేసినదానిని దాచుకొంటాడు. దానితోపాటు తాను చూసినదీ దాగిపోతుంది. ఆడి మాసం తరువాత నేను పద్ధతి మార్చుకొన్నాను. ముందు మేనేజరు దగ్గరకు పోయి, నిజం చెప్పినవాడి చోటు పోదని మాట తీసుకొంటాను. ఆ మాట చేతికి వచ్చాకనే కొలిమి మెట్టెక్కి, అక్కడ నిలబడినవాణ్ణి "నీకేమి కనిపించింది?" అని అడుగుతాను.