సార్ చెరిపేసిన డిస్కు

మా లినక్స్ సార్ పోయారని సోమవారం పొద్దున పాత బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కాసేపట్లోనే దండాలు, పూలు, కన్నీళ్ల బొమ్మలు. దేవుడన్నారు, రుషి అన్నారు. నేనేమీ పెట్టలేదు. సంతాప సభలో మాట్లాడమంటే రానన్నాను. నాకు ఆయన మీద కోపం. పోయారని తగ్గలేదు.

బ్రాడీపేటలో మేడ మీద ఇరుకు గది ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. కమాండ్ టైప్ చెయ్యకుండా మౌస్ ముట్టుకుంటే "ఏమ్మా, అది లేకపోతే చెయ్యి ఆడదా?" అని అందరి ముందూ కడిగేసేవారు. డిస్కు ఫార్మాట్ చేసే రోజు, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసే రోజు మరీను. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు కమాండ్ టైప్ చేసి, ఎంటర్ కొట్టకుండా చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. రెండోవారు డిస్కు పేరు, సైజు, లోపల ఏముందో పైకి చదవాలి. మిర్చి యార్డులో కాటా దగ్గర ఒకరు తూకం అరిస్తే ఇంకొకరు తిరిగి అరుస్తారే, అలా. వాళ్ల నాన్న ఆ కాటా మనిషేనట. "మెషీన్ అడిగితే చెయ్యి అలవాటుగా ఎస్ కొట్టేస్తుందమ్మా. మనిషి అడిగితేనే ఆగుతాం" అనేవారు.

ఆ మాట తప్పింది కూడా ఆయనే.

మా అమ్మ సింగరాయకొండ దగ్గర మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది. జబ్బు చేశాక తన కీర్తనలన్నీ పాడించి, ఫోన్లో రికార్డు చేసి ఒక హార్డ్ డిస్కులో దాచుకున్నాను. అమ్మ పోయింది, ఆ ఫోనూ పాడైంది. ఉన్నది ఒక్క కాపీ అని భయమేసి, అలాంటిదే కొత్త డిస్కు కొని రెండూ సార్ చేతిలో పెట్టాను. కొత్తది ఫార్మాట్ చేసి, పాతదాంట్లోవి అందులోకి ఎక్కించాలి. నేనూ చెయ్యగలను. నా మీద నాకు నమ్మకం లేక ఆయనకిచ్చి, మళ్లీ వస్తానని వెళ్లాను.

రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. సిస్టమ్ మళ్లీ లేచేసరికి అది డిస్కులకిచ్చే పేర్లు తారుమారయ్యాయి. ఇలా అవుతుందని మాకు నేర్పింది ఆయనే. స్టూడెంట్లంతా భోజనాలకెళ్లారు, పక్కన కూర్చుని చదివేవాళ్లు లేరు. నేను వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. అమ్మ ఉన్న డిస్కు మీద ఎంటర్ కొట్టారు.

నేను వెళ్లేసరికి "పోయిందమ్మా" అన్నారు. పైగా, "ఇంకో కాపీ ఉంచుకోవద్దా?" అన్నారు.

"దానికే కదండీ వచ్చాను!"

డిస్కు వదిలి వెళ్లు, చూస్తానన్నారు. తప్పయిందన్న మాట మాత్రం నోట రాలేదు. మెట్లు దిగాను, మళ్లీ ఎక్కలేదు. రోడ్డు మీద ఎదురైతే స్కూటర్ పక్క సందులోకి తిప్పేసేదాన్ని.

ఈరోజు నేను తినే అన్నం ఆయన నేర్పిన పనిదే. ఆఫీసులో ఏ డిస్కు తుడవాలన్నా పక్కవాళ్లను పిలిచి పైకి చదివిస్తాను. నవ్వుకుంటారు. నా చేతిలో ఎవరిదీ ఏదీ పోలేదు. అది తలుచుకుంటే కృతజ్ఞతా ఉంటుంది, ఒళ్లూ మండుతుంది.

నిన్న సార్ వాళ్లమ్మాయి ఇంటికి రమ్మంటే వెళ్లాను. నా డిస్కు చేతిలో పెట్టింది.

"నాన్నగారు ఆదివారాలు దీంతోనే కుస్తీ పట్టేవారండీ. చెరిగిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాములన్నీ నడిపారు. ఒక్క ముక్క దొరికింది. పాట కాదండీ."

తన ఫోన్లో పెట్టి వినిపించింది. అమ్మ దగ్గు. తర్వాత అమ్మ గొంతు. "రికార్డవుతోందటే? పాడనా?" అక్కడికి తెగిపోయింది.

"ఇది దొరికి ఎన్నాళ్లయింది?"

"చాన్నాళ్లయిందండీ. ఈ ముక్క ఏ మొహం పెట్టుకుని ఇవ్వను, పాట దొరకనీ అనేవారు."

ఎంత పొగరు సార్ మీకు! నాకు పాటే కావాలని ఎవరు చెప్పారు? ఆ దగ్గు ఇచ్చినా చాలు కదా. ఇన్నేళ్లు మా అమ్మను మీ టేబుల్ సొరుగులో పెట్టుకున్నారు.

వాళ్ల వరండాలో నిలబడి మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు. ప్రతిసారీ అమ్మ దగ్గుతుంది, పాడనా అని అడుగుతుంది. ప్రతిసారీ నేను, పాడమ్మా అంటున్నాను.