రాజు దూకని ఆట

కరెంటు పోగానే యూపీఎస్ కూస్తుంది కదా, ఆ కూత మొన్న బ్యాంకులో విన్నాను. కౌంటర్ల వెనుక ఉన్నవాళ్లంతా ఒక్కసారి తలలెత్తారు. వరుసలో నిలబడ్డ నా కుడిచేయి మాత్రం, నేను చెప్పకుండానే, అక్కడ లేని మౌసు కోసం తడుముకుంది. ఆ వెంటనే మోకాళ్లకు రాసుకునే నొప్పుల మందు వాసన ముక్కుకు తగిలినట్టయింది. బ్యాంకులో ఆ వాసన ఎక్కడిది? అది దీనమ్మ టీచర్ ఇంటి ముందుగది వాసన. కూత మొదలైతే ఎవరైనా కంప్యూటర్ బందు చేయడానికి పరుగెత్తుతారు. టీచర్ మాత్రం కుర్చీలో ఇంకాస్త ముందుకు జరిగి, "కూయనీ, ఇంకా జరసేపున్నది. నీ గుర్రాన్ని చూసుకో" అనేది.

ఆమె మా నారాయణఖేడ్‌లో ఎన్నో ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్. మిషన్ కాలం నుంచి క్రైస్తవులైన కుటుంబం. చర్చి పక్క సందులో ఇల్లు. కొలువు అయిపోయాక ఆమె రెండు పనులు మొదలుపెట్టింది. చర్చి వెనుక గదిలో సాయంత్రం పూట, బడి మొహం చూడని ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదటిది. అందుకు ఊరు మెచ్చుకుంది. కొన్నేళ్లకు ఇంట్లో కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టించుకుని ఎక్కడెక్కడివాళ్లతోనో చదరంగం ఆడటం రెండోది. అందుకు ఊరు నవ్వింది. మెచ్చుకున్నప్పుడు ఆమె ఎంత పట్టించుకుందో, నవ్వినప్పుడూ అంతే పట్టించుకుంది.

నాది నాగల్‌గిద్ద వైపు పల్లె. పెళ్లయి ఖేడ్ వచ్చాను, కొడుకు పసివాడిగా ఉండగానే భర్త పోయాడు. బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మేదాన్ని. టీచర్ రోజూ నా దగ్గరే రొట్టెలు కొనేది. నలభై దాటిన నన్ను ఆమె పలక ముందు కూర్చోబెట్టిన సాయంత్రం, నా వేళ్లు మొద్దుబారిపోయాయని, నా వల్ల కాదని చెప్పాను. "గుండ్రంగ రొట్టె చేస్తవ్ గదనే బాలమణీ. సున్న పెట్టు. సున్న వస్తే సగం తెలుగొచ్చినట్టే" అంది. మా ఇంటిపక్క ఎల్లవ్వ నా చేతిలో పలక చూసి, "ముసలిదానికి దసరా పండుగ" అని నలుగురిలో సాగదీసింది. సిగ్గేసి మరునాడు క్లాసుకు పోలేదు. టీచర్ బస్టాండుకే వచ్చి, రొట్టెల పెనం పక్కన నిలబడి, అక్కడే ఉన్న ఎల్లవ్వకు వినబడేలా అడిగింది: "దసరా అందరికి గదా? ముసలిదానికి ఎందుకుండదంట?" ఆ సాయంత్రం నేను క్లాసుకు వెళ్లాను. ఎల్లవ్వ మీద కోపంతో 'అ' నేర్చుకున్నాను, 'ఆ' కూడా ఆ కోపంతోనే వచ్చేసింది.

చదరంగం సంగతి వేరు. అది నాకు అక్షరాలకన్నా ముందే తెలుసు. మా నాయిన, కన్నడం మాట్లాడే ఆయన దోస్తులు, కంది చేను పనులు లేని మధ్యాహ్నాలు అరుగు మీద సుద్దతో గళ్లు గీసి ఆడేవారు. వాళ్లకు చాయ్ అందిస్తూ చూసి నేర్చుకున్నాను. ఆడమని ఎవరూ పిలవలేదు. టీచర్‌కు ఈ సంగతి చెప్పాలని కూడా నాకు తోచలేదు. ఒక మధ్యాహ్నం రొట్టెలు ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో నిలబడితే, తెర మీద ఆమె ఆట కనిపించింది. నోరు ఊరుకోలేదు.

"టీచర్, ఆ గుర్రం పోతది."

ఆమె వెనక్కి తిరగలేదు. "ఎట్ల పోతది?"

"మూలకున్న ఒంటె ఏటవాలుగ వచ్చి కొడతది. అడ్డం ఏం లేదు గదా."

తెర మీద ఒంటె దారిని వేలితో కొలిచింది. తర్వాత కుర్చీ పక్కకు జరిపింది. "చెప్పులు ఇడిచి లోపటికి రా" అంది. ఇన్నేళ్లు ఎందుకు దాచావని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. మౌసు నా చేతికిచ్చింది.

మొదటి ఆటలోనే గొడవైంది. అవతల ఎవరో, ఏ దేశమో తెలియదు, నా రాజును తరుముతున్నాడు. నేను నింపాదిగా రాజు మీద నొక్కి, గుర్రంలా రెండు గళ్లు ముందుకు, ఒకటి పక్కకు దూకించబోయాను. రాజు కదల్లేదు. మళ్లీ నొక్కాను, కదల్లేదు. "టీచర్, మీ మిషన్ ఖరాబైంది" అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది. మా వైపు పాత ఆటలో రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కుంది. మా నాయిన ఆ దూకుడును ఆఖరిదాకా దాచుకుని, అందరూ పని అయిపోయిందనుకున్నప్పుడు వాడేవాడు. కంప్యూటర్ ఆటలో అది లేదు. "మీ నాయిన రాజు దూకుతడు. గీ రాజు దూకడు. మర్చిపో" అంది. మర్చిపోయాననే అనుకున్నాను.

ఆమె నేర్పే పద్ధతి బడిలో లెక్కలు చెప్పినట్టే ఉండేది. ఆట మధ్యలో ఆగిపోయిన బొమ్మ ఒకటి తెర మీద పెడుతుంది. తెల్లపావుల వంతు, గెలిచే ఎత్తు ఎక్కడో ఉంది, వెతకాలి. వీటిని కూడా ఆమె 'లెక్కలు' అనే పిలిచేది. లెక్కలు చేయకుండా ఆటకు కూర్చోనిచ్చేది కాదు. ఒకే గుర్రం రెండింటి మీద ఒకేసారి పడితే దాన్ని 'జోడు దెబ్బ' అనుకున్నాం. రాజుకు అడ్డంగా ఉండి కదలలేని పావును 'కట్టేసిన గొడ్డు' అనుకున్నాం. తోచిన ఎత్తు గబుక్కున వేస్తే నా చేతి మీద కొట్టేది. "నీకేం కనబడ్డదో కాదు, అవతలోడు ఏం చేస్తడో చెప్పు ముందుగాల." నేను చెప్పలేకపోతే ఎత్తు సరైనదైనా ఒప్పుకునేది కాదు. గళ్ల పేర్ల కోసం ఇంగ్లీషు అక్షరాలు కూడా బోర్డు అంచు మీదే నేర్చుకున్నాను. అందుకే ఏ నుంచి హెచ్ దాకా నాకు నిద్రలో అడిగినా వస్తాయి. ఆ తర్వాతివి ఇప్పటికీ నింపాదిగా వస్తాయి.

అప్పుడు బజారులో యాదగిరి అనే అతను ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. ఊళ్లో చదరంగం ఆడేవాళ్లను పోగుచేసి ఆన్‌లైన్‌లో ఒక గుంపు పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నాలు మా గుంపు వేరే ఊరి గుంపుతో ఆడేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రత్యర్థి, అందరి గెలుపులూ కలిపి గుంపు లెక్క. టీచర్ అందులో మొదటి నుంచీ ఉంది. ఒకరోజు నన్నూ చేర్చింది. పేరు నన్నే కొట్టమంది. బి, ఏ నాకు బోర్డు మీద తెలిసినవే. మిగతావి కీబోర్డు మీద ఒక్కొక్కటే వెతికి పట్టాను. బాలమణి అని తెర మీద పడ్డప్పుడు చాలాసేపు చూశాను. పలక మీద రాసిన పేరును నేనే తుడిచేదాన్ని. దీన్ని తుడిచే పని లేదు.

కొన్ని ఆదివారాలు టీచర్ ఇంటి నుంచే ఆడాను. ఓడాను, తర్వాత గెలవడం మొదలైంది. అప్పుడు యాదగిరి ఇంటికొచ్చాడు. చెడ్డవాడు కాదు, గుంపు పేరు పోతుందని భయం. గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించి అన్నాడు: "టీచర్, మీరు రెండు పేర్లతోని ఆడుతున్నరని మనోళ్లు అంటున్నరు. రొట్టెలు చేసే అక్క గిట్ల ఆడుతదంటే ఎవరు నమ్ముతరు? సెంటర్‌కొచ్చి నా ముందట ఒక్క ఆట ఆడమనుండ్రి. లేకుంటే ఆమె పేరు తీసేస్త."

నేను అక్కడే ఉన్నాను. నన్ను చూస్తూనే 'ఆమె' అన్నాడు.

టీచర్ ముఖం ఎర్రబడింది. "నీ దగ్గరికి పోరగాండ్లు వస్తరు గదా. ఎవరినన్న పరీక్ష పెట్టినవా? ఈమెకే ఎందుకు పరీక్ష? తీసెయ్. ఇద్దరి పేర్లు తీసెయ్. పరీక్ష మాత్రం ఇయ్యది."

ఆమె అన్నది న్యాయమే. ఈనాటికీ అది న్యాయమే అంటాను. కాని ఆ నిమిషంలో నాకు న్యాయం కనబడలేదు, నా పేరు కనబడింది. దాన్ని తీసేస్తానని ఒకరు అంటున్నారు, తీసెయ్యమని ఒకరు అంటున్నారు. ఇద్దరిలో ఎవరూ నన్ను అడగలేదు.

"నా పేరు తీయనీకి మీరెవరు టీచర్?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. ఆమెతో నేను అలా మాట్లాడటం అదే మొదలు. "ఆ పేరు నేను కొట్టుకున్న. ఉంచుకునుడో పోగొట్టుకునుడో నేనే చేస్త. యాదగిరీ, రేపే వస్త. కుర్చీ చూసిపెట్టు."

మరునాడు సెంటర్‌లో గుంపువాళ్లంతా చేరారు. టీచర్‌ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. నేను ఒక కంప్యూటర్ ముందు, యాదగిరి పక్కదాని ముందు. రొట్టెలు చేసిన చేతులు కడుక్కున్నా, గోళ్ల దగ్గర పిండి మిగిలింది. దాన్నే చూస్తున్నారు కొందరు. ఆట సాగింది. మధ్యలో నా గుర్రం అతని రాజు మీద, ఏనుగు మీద జోడు దెబ్బ వేసింది. ఏనుగు నాదైంది. వాచీలు బాగుచేసే ఖాజా భాయి అనే పెద్దాయన "శాబాష్" అని మెల్లగా అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. ఎక్కువే వచ్చింది. యాదగిరి మిగిలిన ఏనుగును నా ఆఖరి వరుసలోకి దించి రాజుకు షహ్, అంటే చెక్, ఇచ్చాడు. నా రాజు ముందు మూడు బంట్లు గోడలా నిలబడి ఉన్నాయి. నాకు బెదురు లేదు. రాజు మీద నొక్కి, గోడ మీది నుంచి దూకించాను.

కదల్లేదు.

మళ్లీ నొక్కాను. మా నాయిన ఆట నా తలలో నుంచి పోనే లేదని అప్పుడు తెలిసింది. తెర మీద ఆట అయిపోయిందని అక్షరాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. చదవగలిగాను, అదే బాధ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఖాజా భాయి మాత్రం తొడ చరిచి బిగ్గరగా నవ్వాడు. "అరె, గిది మా అబ్బాజాన్ కాలం ఎత్తు! రాజును దూకిస్తున్నది చూడు! యాదగిరీ, టీచర్ ఆడితే గీ తప్పు చేస్తదా? లెక్కల టీచర్ జన్మల గిట్ల చెయ్యది. గీ ఆట గీమెదే."

యాదగిరి తల గోక్కున్నాడు. "నిజమే భాయి. సరే అక్కా, నీ పేరు ఉండనిస్త."

గెలిస్తే నమ్మలేదు. తప్పు చేస్తే నమ్మారు. కుర్చీలో నుంచి లేవాలనిపించలేదు. "ఉండనిస్త అంటవేంది? నువ్విచ్చిన పేరా అది?" అన్నాను. "ఇంకో ఆట పెట్టు."

రెండో ఆట కూడా ఓడాను. ఈసారి మామూలుగానే ఓడాను, ఎవరికీ నవ్వు రాలేదు. "ఆదివారం వస్త" అని చెప్పి లేచాను. ఇంటి నుంచి కాదు, ఇక్కడికే వచ్చి, ఇదే కుర్చీలో ఆడతానని కూడా చెప్పాను.

బయట టీచర్ బెంచీ మీద నుంచి లేవడానికి చేయి చాచింది. పట్టుకున్నాను. బజారు దాటాం. నాకు తిట్లు పడతాయని తెలుసు. "నా మాట కాదన్నవ్" అంది చివరికి. అవునన్నాను. "ఆళ్లకు పరీక్ష ఇచ్చినవ్. రేపు ఇంకొకామె వస్తే, బాలమణి ఇచ్చింది గదా, నువ్వూ ఇయ్యి అంటరు. అది సోచాయించినవా?" నేను ఆలోచించలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. కొంచెం నడిచాక ఆగి మోకాలు రుద్దుకుంది. "అయినా నీ పేరు నీది. నేను తీసెయ్యమనుడు గూడ తప్పే" అంది. "పొద్దుగాల జల్దీ రా. రాజు ముందట ఒక బంటును జరిపి, రాజు తప్పించుకోనీకి కిటికీ తెరవాలె. గవే లెక్కలు పెడత, నీ నెత్తిల నుంచి ఆ దూకుడు పోయేదాకా."

పెట్టింది. వారాల తరబడి అవే లెక్కలు. ఆ కోపంలో ఆమె పెట్టినన్ని లెక్కలు ప్రేమతో ఎవరూ పెట్టలేరు. తర్వాత నా పక్కన రొట్టెలు చేసే సుశీల, సిర్గాపూర్ నుంచి వచ్చి కుట్టుపని చేసుకునే రూతమ్మ చేరారు. ఒక్క తెర ముందు అందరం కూర్చుని ఒక్క ఎత్తు కోసం కొట్లాడుకునేవాళ్లం. రూతమ్మను యాదగిరి గుంపులో చేర్చిన రోజు, ఎవరో మళ్లీ పరీక్ష మాట ఎత్తారు. సెంటర్‌లో నా కుర్చీలో నుంచే చెప్పాను, నాది మొదటిది, ఆఖరిది కూడా అని. యాదగిరి రూతమ్మకు కుర్చీ జరిపాడు. టీచర్ ఆ సాయంత్రం రూతమ్మకు మాత్రం రెండు లెక్కలు ఎక్కువ పెట్టింది.

తెలంగాణ వచ్చిన ఏడాది టీచర్ పోయింది. పట్నం దవాఖానలో చివరిసారి చూసినప్పుడు ఆమెకు మాట కష్టంగా ఉంది. అయినా నేను కొత్త ఆటలో గెలిచిన ఎత్తు చెబితే, కళ్లు మూసుకుని విని, "అవతలోడు ఇంకేం చెయ్యొచ్చు?" అంది. నేను చెప్పలేకపోయాను. బస్సులో ఖేడ్ వచ్చేదాకా వెతికి, దొరికించుకున్నాను. చెప్పడానికి మళ్లీ వెళ్లేసరికి ఆమె లేదు.

ఇప్పుడు ఫోనులో ఆడతాను. మా కోడలు "అత్తా, నీకు ఇగ నెట్టే లోకం" అని దెప్పుతుంది, కూర మాడిందని కూడా అంటుంది. మాడితే మాడింది. పోయిన వారం అవతలి మనిషి ఎవరో, నా జోడు దెబ్బకు మంత్రిని పోగొట్టుకుని, ఆట మధ్యలో రాశాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నువ్వెవరు, నీ వెనుక కూర్చుని ఆడిస్తున్నది ఎవరు అని అడిగాడు. ఒక్కసారి ఒళ్లు మండింది. నా ఊరు, నా వయసు, నా రొట్టెలు, నేర్పిన టీచర్, అన్నీ చెప్పి నమ్మించాలనిపించింది. వేళ్లు కీబోర్డు మీదికి పోయాయి కూడా. అంతలో వెనక్కి తీసుకున్నాను. ఆడేది నేనేనని ఎవరికి రుజువు చేయాలి? నా రాజు ముందు బంటును చూశాను, అతను ఏం చేయగలడో చూశాను. అప్పుడు నా ఎత్తు వేసి, ఒక్క మాటే కొట్టాను.

నీ వంతు.