చెల్లె చేసిన క్రోసాంట్లు

ఆదిలాబాద్ దగ్గరి బోథ్‌లో అత్తగారిల్లు వదిలి నా చెల్లెలు వచ్చేసినప్పుడు, కరీంనగర్‌లో మా ఇంటి వెనక గది ఆమెకిచ్చాను. భర్త ఇంకొకామెను తెచ్చుకుంటే, ఈమె కొట్లాడకుండా బట్టలు సర్దుకుని బస్సెక్కింది. నేను టీచరును. మొగుడు వదిలేసిన చెల్లెలు ఇంట్లో ఉందని తోటి టీచర్లకు తెలియడం నాకిష్టం లేదు. ఎవరైనా వస్తే "నువ్వు లోపలుండు" అనేదాన్ని. ఉండేది.

ఆ చలికాలం ఆమె ఫోనులో క్రోసాంట్లు చూసింది. మైదాపిండి మధ్య వెన్న పెట్టి, మడతలేసి, పొరలు పొరలుగా కాల్చే రొట్టెలు.

"అక్కా, నీ ఓవెన్ వాడుకోనా?"

"చపాతే గుండ్రంగ రాదు నీకు. గిది చేస్తవా?" అన్నాను.

మొదటిసారి వెన్నంతా కారిపోయి రొట్టెలు రాళ్లయ్యాయి. ఒకదాన్ని పళ్లెంలో పెట్టి, మా పిల్లల ముందు చెంచాతో కొట్టి చూపించాను. "గోడ కట్టుకోవచ్చు." పిల్లలు నవ్వారు. చెల్లెలూ నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకు ఇంకో మాట అనాలనిపించింది. అన్నాను కూడా. "గిట్ల చేస్తివి గనుకనే ఆయన ఇంకోదాన్ని తెచ్చుకున్నడు." అప్పుడు ఎవరూ నవ్వలేదు.

అయినా ఆమె మానలేదు. వంటింటి బండ చల్లగా ఉండాలని తెల్లవారకముందే లేచేది. వెన్నను ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, చపాతీ కర్రతో కొట్టి పలక చేసేది. దాన్ని పిండిలో చుట్టి, పొడుగ్గా ఒత్తి, మూడు మడతలేసి ఫ్రిజ్‌లో పెట్టేది. గంట ఆగి మళ్లీ ఒత్తడం, మళ్లీ మడత. "వెన్న కరగొద్దు అక్కా, కరిగితె పొరలు రావు" అని నాకు చెప్పింది. రెండోసారి నేను ఆ పిండి తీసి పొయ్యి పక్కన పెట్టి, ఫ్రిజ్‌లో ఆ చోట నా దోశపిండి పెట్టుకున్నాను. చెల్లెలు వచ్చి చూసే సరికి వెన్న బండ మీద మడుగు కట్టింది. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది.

నాలుగోసారి అవి కుదిరాయి. విరిస్తే పైపొర పెళపెళలాడింది, లోపల తేనెపట్టులాగా గదులు గదులుగా ఉంది. ఆ రోజు ఆదివారం, మా బడి టీచర్లు ముగ్గురు భోజనానికి వచ్చారు. టీతో పాటు అవే పెట్టాను.

"ఎక్కడియి మేడం, గింత మంచిగున్నయి?" ఒకామె అడిగింది.

"హైదరాబాద్ నుంచి తెప్పించిన," అన్నాను. నోటికి ఎట్లా వచ్చిందో తెలియదు, కానీ వచ్చాక నాకు హాయిగానే ఉంది.

అప్పుడే చెల్లెలు రెండో పళ్లెం తీసుకుని బయటికి వచ్చింది. నా మాట ఆమె విన్నది. ఆమె చేతులకింకా పిండి ఉంది.

"ఈమె ఎవరు?" అదే టీచరు అడిగింది.

"ఇంట్ల సాయానికుంటది," అన్నాను.

చెల్లెలు పళ్లెం బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. వాళ్లు పోయాక ఒక్కటే అన్నది. "నేను చేసిన అని చెప్తె నీకేం పోయేదక్కా?"

"వాళ్ల ముందట పరువు పోయేది," అన్నాను.

వారం తిరగకముందే చెల్లెలు ఆదిలాబాద్ పోయింది. అక్కడ ఒక ముస్లిం కుటుంబం నడిపే బేకరీలో పనికి కుదిరింది. మొదట్లో మా అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడేది, నేను చేస్తే ఎత్తేది కాదు. తరవాత ఎత్తేది, "మంచిగున్న" అని పెట్టేసేది.

రెండేళ్ల తర్వాత నేనే వెళ్లాను. దుకాణం నిండా జనం. గల్లా దగ్గర కూర్చున్న పెద్దామె "ఆపా, మీ కోసం ఎవరో వచ్చిన్రు" అని పిలిచింది. అక్కడందరికీ ఆమె ఆపా, అంటే అక్క. చెల్లెలు లోపలి నుంచి వచ్చింది. ఒళ్లు చేసింది, రంగు తేలింది. నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. అద్దాల వెనక ట్రే నిండా క్రోసాంట్లున్నాయి.

"అవి ఒకటియ్యవా?"

"ఆర్డరువి," అన్నది.

పెద్దామె నా వైపు చూసి అడిగింది. "మీ వాళ్లా?"

"కరీంనగర్ల తెలిసినామె," అన్నది చెల్లెలు, చిన్న గొంతుతో, మర్యాదగా.

టీ చల్లారకముందే తాగి లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చింది, బస్సు ఎన్నింటికుందో చెప్పింది. ఇంటికొచ్చాక మా ఆయన "ఎట్లుంది?" అని అడిగాడు. "మంచిగనే ఉంది," అన్నాను.