షెడ్డు పరదా ముడి ఎవరు విప్పిండ్రు?

2011వ సంవత్సరం. సకల జనుల సమ్మె జోరుగ నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. భూపాలపల్లి దిక్కు బొగ్గుబావులల్ల పని బందయ్యింది కాబట్టి కరెంటు ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో తెల్వదు. అప్పుడు నేనొక కోళ్ళ కంపెనీల సూపర్‌వైజర్‌ను. కంపెనీ కోడిపిల్లలనిస్తది, మేతనిస్తది. రైతు తన షెడ్డుల పెంచి మళ్ళ కంపెనీకే అప్పజెప్తడు. దీన్ని మా లైన్ల ఇంటిగ్రేషన్ అంటరు. కోళ్ళు మంచిగున్నయా లేవా అని షెడ్డు షెడ్డుకు తిరిగి చూసుడు నా పని.

ఒకనాడు పొద్దుగాల్నే కురవి దగ్గరి రైతు రాఘవరెడ్డి ఫోన్ చేసిండు. "సూపరైజర్ సాబ్, జల్ది రా. నా కోళ్ళకు ఎవరో మందు పెడుతున్నరు" అన్నడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బండి మీద బయలెల్లిన. దారి పొడుగునా రోడ్డుకు అడ్డం రాళ్ళు, మొద్దులు, టెంట్లు. ప్రతి టెంటు కాడ జై తెలంగాణ అంటేనే తొవ్వ ఇడుస్తరు. నమ్మితే నమ్మండి, తొర్రూరు దాటేసరికి నా గొంతు పోయింది. అటెంక నా బండే హారన్‌కు బదులు జై తెలంగాణ అనుడు మొదలువెట్టింది.

రాఘవరెడ్డి గేటు కాడనే నిలబడి ఉన్నడు. నన్ను లోపలికి గుంజి, గేటుకు తాళం ఏసి, అటూ ఇటూ చూసి, అప్పుడు నోరు తెరిచిండు.

"ఎవరో గాదు సాబ్, గేటు ముంగటి సమ్మె టెంటు నడిపే సమ్మయ్యనే. రోడ్డు మీద వంటా వార్పు అని కోళ్ళు అడిగిండు. నేను ఇచ్చిన గని, ఆయన అడిగినన్ని ఇయ్యలే. 'పటేలా, గిన్నే కోళ్ళతోని తెలంగాణ వస్తదా?' అని అందరి ముంగట నవ్విండు. గా తెల్లారి నుంచే కోళ్ళు చచ్చుడు షురువైంది."

"సమ్మయ్య షెడ్డుల కొచ్చిండా?"

"ఆయన రాలే. లోపలి మనిషే ఉన్నది గద." గొంతు తగ్గించిండు. "కమ్లి."

కమ్లి ఆ షెడ్డుల పనిమనిషి. మానుకోట దిక్కు తండా నుంచి మొగడు హీర్యాతో వచ్చి, షెడ్డు పక్క రేకుల గదిల ఉంటది. కోళ్ళకు మేతా నీళ్ళూ ఆమె చెయ్యి మీదనే. సమ్మయ్య టెంట్ల ఆమె తమ్ముడు కూడ కూసుంటడు. రాఘవరెడ్డికి అదొక్కటే చాలు. పైంగ ఇంకో రుజువు కూడ ఉన్నదన్నడు. సమ్మయ్య నవ్విన సాయంత్రమే, ఎన్ని కోళ్ళున్నయో ఎవరూ తొంగిచూడకుండ షెడ్డు నాలుగు దిక్కులా పరదాలు దించి, గోనెపట్టాలు కూడ కుట్టి, తాళ్ళతోని తనే ముడులేసిండు. తెల్లారి చూస్తే తూర్పు మూల ముడి విప్పి ఉంటున్నది. రోజూ అదే ముడి.

"సాయంత్రం పెద్దమనుషులను పిలిచిన సాబ్. నువ్వు మందు అని ఒక్క మాట చెప్పు. మొగడు పెండ్లాలను గిప్పుడే పంపించేస్త, పోలీసులకు కూడ చెప్త."

కోళ్ళకు మందు పెట్టిందన్న పేరు ఒక్కసారి అంటుకుంటే ఆ జిల్లాల ఇంకే షెడ్డు గడప కూడ ఆమె తొక్కలేదు. అట్లని రాఘవరెడ్డి అనుమానాన్ని కొట్టిపారెయ్యలేను. సమ్మె దినాలల్ల పంతాలు ఎట్లున్నయో నాకు తెల్సు. నాకు కూడ ఆమె మీద జర అనుమానమైంది. నేను షెడ్డు దిక్కు నడుస్తుంటే ఆమె కొంగుతోని మూతి, ముక్కు కప్పుకొని, కండ్లు తుడుచుకుంట పక్కకు జరిగింది. భయమా, దుఃఖమా, ఇంకేమన్ననా? కండ్లు మాత్రం మిరపకాయల తీరు ఎర్రగున్నయి.

లోపలికి పోయినం. పట్టపగలే చీకటి. కరెంటు లేక ఫ్యాన్లు ఉరేసుకున్నట్టు వేలాడుతున్నయి. కోళ్ళు రెక్కలు దించి, కండ్లు మూసుకొని నిలబడ్డయి. చచ్చినవన్నీ నడుమ, పడమటి దిక్కు పడి ఉన్నయి. తూర్పు మూల కోళ్ళు మాత్రం మేత ఏరుకుంట మంచిగనే తిరుగుతున్నయి. అదే ముడి విప్పే మూల.

"చూసినవా!" అన్నడు రాఘవరెడ్డి. "ఆడ నిలబడి లోపలికి చల్లుతున్నరు. దగ్గరున్నయి బతుకుతున్నయి, దూరమున్నయి చస్తున్నయి."

"మందు చల్లితే దగ్గరున్నయే ముందు చావాలె గద అన్నా?"

"అదే వాళ్ళ తెలివి!"

అనుమానం ఒక్కసారి ఇంట్లకొచ్చి కూసుంటే దానికి జవాబు చెప్పలేని ప్రశ్న ఉండదు. నేను అప్పుడే చచ్చిన కోడిని బయట బండ మీద కోసి చూసిన. పోస్టుమార్టం అంటే పెద్ద మాట, కత్తెర ఉంటే చాలు. మెడ కింది మేతసంచి ఖాళీగ ఉన్నది. కడుపుల మందు అయితే మేతల కలిపియ్యాలె. మేతే తిననిది మందెట్ల తింటది? గాలిగొట్టం మాత్రం లోపల ఎర్రగ కమిలి ఉన్నది. కండ్లు వాచి అతుక్కపోయినయి. ఇది నోట్లకెళ్ళి పోయిన చావు గాదు, ముక్కులకెళ్ళి పోయిన చావు. మరి నిలబడ్డ మాకెందుకు అంతగ ఏమీ గాలే?

మళ్ళ లోపలికి పోయిన. నీళ్ళ డ్రింకర్ కింద పచ్చిగున్న ఊకల కాలు జారి, పిర్రల మీద కూలబడ్డ. కూసున్నోన్ని కూసున్నట్టే లేచినా నా కండ్లల్ల నీళ్ళు ఆగలే. ముక్కుల సూదులు గుచ్చినట్టయింది. కోడి తల ఎత్తుల ఉన్న గాలి వేరు, మనిషి తల ఎత్తుల ఉన్న గాలి వేరు! షెడ్డుల కింద పరిచే ఊకను లిట్టర్ అంటం. అది కోళ్ళ రెట్టతోని, కారిన నీళ్ళతోని తడిసి మురిగితే అమోనియా గాలి పుడ్తది. పరదాలు తెరిచి ఉంటే పోతది. మూసి కుట్టేస్తే కోళ్ళ ముక్కు కాడనే నిలుస్తది.

బయటికొచ్చి కమ్లిని పిలిచిన. "ముడి నువ్వే విప్పుతున్నవా, అమ్మా?"

రాఘవరెడ్డి ఎగిరిపడ్డడు. ఆమె మాత్రం తడుముకోలే. "నేనే సారు. డ్రింకర్లు తోమాలంటె కింద కూసోవాలె. కండ్లు మండుతయి, ఊపిరి ఆడది. జర గాలొస్తదని ఆ మూల ఒక్కటే విప్పిన."

"మరి పటేలుకు చెప్పలేదేంది?"

"ఎవరడిగిండ్రు సారు?" అన్నది. "ముడి విప్పినోని చెయ్యి ఇరగ్గొడ్త అని మాత్రం చెప్పిండు."

రాఘవరెడ్డి నమ్మలే. "ఇద్దరూ ఒక్కటైండ్రు" అన్నడు. నేను ఆయన్ను షెడ్డు నడుమకు తోలుకపోయి, "అన్నా, కోడి ఎత్తుకు కూసో" అన్న.

"నేనా? ఆ పెంట్లనా?"

"కోళ్ళన్నీ అండ్లనే ఉన్నయి గద."

ధోవతి ఎగ్గట్టుకొని, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, తిట్టుకుంట కూసున్నడు. రెండు ఊపిర్లు తీసిండు. మూడోది తియ్యలే. దగ్గుకుంట, కండ్లు నలుపుకుంట బయటికి ఉరికి గేటు కాడికి పోయిండు. గేటుకు తాళం తనే ఏసిండు గద, చెయ్యి తాళంచెవి కోసం జేబుల తడుముతున్నది. ఆ పక్క రోడ్డు మీద సమ్మయ్య చూసి, "ఏంది పటేలా, తెలంగాణ కోసం ఏడుస్తున్నవా?" అన్నడు.

"లోపల కోళ్ళకు టియర్ గ్యాస్ కొట్టిన రా" అన్నడు రాఘవరెడ్డి. "నేనే కొట్టిన."

ఆ మాటతోని పంచాయతి అక్కడనే అయిపోయింది. గోనెపట్టాలు కత్తెరతోని కోసిపారేసినం. తడి ఊక తోడి బయట పోసినం. పొడి ఊక తెద్దామంటే రోడ్డు బందు. సమ్మయ్యే తన టెంటు మొద్దును జరిపించి, మిల్లు కాడి నుంచి ట్రాక్టర్ నిండ ఊక తెప్పిచ్చిండు. దాని మీద జెండా కూడ కట్టిండు. ఊక బస్తాకు జై తెలంగాణ కొట్టుడు నేను అదే మొదటిసారి చూసుడు. మిగిలిన కోళ్ళల్ల చాలా మట్టుకు బతికినయి.

పెద్దమనుషులు సాయంత్రం వచ్చిండ్రు. రాఘవరెడ్డి వాళ్ళకు చాయ్ పోసి, ఏమీ లేదన్నడు. వాళ్ళు పోయినంక కమ్లి కాడికి పోయి, పరదా తాళ్ళు ఆమె చేతిల పెట్టి, "ఇగ ఇయి నీ చేతిలనే" అన్నడు. తప్పయిందని మాత్రం అనలే. ఆ బ్యాచ్ కోళ్ళు లారీ ఎక్కిన తెల్లారి కమ్లి, హీర్యా సామాన్లు కట్టుకున్నరు. "ఇప్పుడెందుకు పోతున్నరు?" అని అడిగిన.

"పటేలు కండ్లు కడుక్కున్నడు సారు" అన్నది. "గని నా దిక్కు చూడనీకి ఇంకా ఆయనకు మండుతున్నది."

తర్వాత ఎన్ని బ్యాచ్‌లు పెట్టినా, "కమ్లి అసొంటి మనిషిని చూడు సాబ్" అని రాఘవరెడ్డి నన్ను అడగని దినం లేదు. నేను మాత్రం అప్పటి నుంచి ఏ షెడ్డుకు పోయినా ముందుగాల కోళ్ళ నడుమ కింద కూసుంట. మోకాళ్ళు ఇప్పుడు మూలుగుతున్నయి గని కూసునుడు మానలే. కోళ్ళ గాలి పీల్చినంక, వాటితోని రోజంత ఉండే మనిషిని పిలిచి పక్కన కూసోబెట్టుకుంట. రైతు చెప్పే అనుమానం వినుడు ఆ తర్వాతనే.