కొండగట్టు కోతి చేతిలో సొసైటీ తాళంచెవులు

కోరుట్ల దగ్గర రైతు సొసైటీని ఒక పూట కోతి చేతిలో పెట్టిన ఘనుణ్ణి నేనే. నవ్వితే నవ్వండి, ఆ రోజు నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువైంది.

కార్యదర్శిగా చేరిన కొత్త. యూరియా గోదాముకు ఒక్కటే తాళం ఉండడం చూసి ఒళ్లు మండి, రెండు కొత్త తాళాలు వేయించాను. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది గోదాము చూసుకునే రాజన్న దగ్గర. రెండూ ఒకే చేతిలో ఉండకూడదు. ఈ సూత్రం ఎంతసేపు బోధించానంటే, పాపం రాజన్న చేతిలోని చాయ్ చల్లారి మీగడ కట్టింది.

మా వైపు కొత్త బండి కొంటే కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించాల్సిందే. మరి కొత్త తాళాలు ఏం పాపం చేశాయి? మర్నాడు పొద్దున్నే బయలుదేరాను.

"రాజన్నా, నీ చాబీ గూడ ఇయ్యే. పూజ చేయించుకొని గోదాం తెరిచే యాళ్లకు వస్త."

"రెండు ఒక్కల దగ్గర ఉండద్దని మీరే అంటిరి గద సారూ?"

"దేవుని కాడికి పోయెటోనికి రూలేందే!"

పూజ బ్రహ్మాండంగా జరిగింది. కొబ్బరిచిప్పలు, తాళంచెవులు ఒకే కవర్లో వేసుకుని మెట్లు దిగుతున్నాను. ఎక్కడి నుంచి దూకిందో ఒక కోతి, కవరు లాక్కుని రేకుల షెడ్డెక్కింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారు. ఈ కోతికి కొబ్బరితో పాటు గోదాము కూడా దొరికింది.

అప్పుడే రాజన్న ఫోన్.

"సారూ, ఏడున్నరు? రైతులు చెప్పులు లైన్ల పెట్టి ఎండల నిలబడ్డరు. తాళాలు పలగొడ్తమని లొల్లి చేస్తున్రు. డూప్లికేట్ చాబీలన్న ఏడున్నయో చెప్పుండ్రి!"

"గోదాంలనే... బీరువాల... భద్రంగ."

రాజన్న ఫోన్ ఠక్కున పెట్టేశాడు. నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. దండం పెట్టి కోతిని బతిమాలుతుంటే, పక్కన అరటిపండ్లమ్మే అవ్వకు జాలేసింది.

"మొక్కుతె ఏమొస్తది కొడుకా? పండు సూపియ్యి, గదే ఇడ్సిపెడ్తది."

చూపించాను. కోతి పండందుకుని కవరు వదిలేసింది. తాళంచెవులు గలగలమంటూ నా కాళ్ల దగ్గర పడ్డాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నానికి బస్తాలన్నీ రైతులకు చేరాయి, తిట్లన్నీ నాకు చేరాయి. అయినా హాయిగానే ఉంది. రాజన్న తాళంచెవి అతనికిస్తూ అన్నాను, "ఎంత తెలివిగల్ల కోతే! పండియ్యందే చాబీలు ఇడువలేదు."

"కోతే నయం సారూ. నేను ఉత్తగనే ఇస్తి."

అందుకే అంజన్న సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇక జన్మలో ఆ రెండు తాళంచెవులూ ఒకే చేతికి చిక్కనివ్వను, ఆ చెయ్యి కోతిదైనా సరే, నాదైనా సరే.