చెంబులో కచేరీ

శ్రీరాంపూర్‌లో మా పక్క క్వార్టర్లో ఒక సంగీతం టీచరమ్మ ఉండేది. గట్టిగా వినపడాలని ఫోనును స్టీలు చెంబులో నిలబెట్టి పెద్ద పెద్ద విద్వాంసుల కచేరీలు వినేది. అయిపోగానే పిట్టగోడ దగ్గరికి వచ్చి, "ఎట్లుంది వదినా?" అని అడిగేది. బాగుందంటే ఊరుకునేది కాదు.

"బాగుందంటే ఏం బాగుంది? గట్ల చెప్తే నడ్వది!"

సంతకం తప్ప ఏమీ రాని నన్ను అడిగేది, చూడండి.

మా ఆయన పోయాక, చావు జరిగిన ఇంటి పక్కన పాటలేమిటని ఆమె వినడం మానేసింది. నాకేమో ఆ చప్పుడు లేక ఇల్లు మింగేసేలా ఉండేది. అడిగితే లోకం ఏమనుకుంటుందో అని భయం. చివరికి ఒకరోజు సిగ్గు విడిచి, పెట్టమని అడిగేశాను.

మా ఇంట్లో నుంచి, మాతోనే ఉంటున్న మా ఆడబిడ్డ అరిచింది. "మా అన్న పోయి యాడాది కాలే, నీకు పాటలు కావాల్నా?"

టీచరమ్మ తడుముకోలేదు. "పాట మా ఇంట్ల పెడుతున్న. తిడితే నన్ను తిట్టుండ్రి, వదినను కాదు."

పెట్టింది. విన్నాను. "ఎట్లుంది?" అంది.

"పాడేటాయన మంచిగనే పాడుతుండు. గా ఫిడేలాయనకే ఆగుడు లేదు. మనిషి చెప్పేది అయిపోకముందే అందుకుంటుండు."

"అదే కదా పాటకు తోడు, సోపతంటే! ఆగుతడా?"

"ఆగాలె. జర ఇనాలె."

ఇద్దరం గొంతులు పెంచాం. మా ఆడబిడ్డ బయటికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"ఫిడేలే మంచిగుంది వదినా, నీకేం తెల్సు?" అంది.

టీచరమ్మ గోడ మీద చెయ్యి కొట్టి నవ్వింది. ఆయన పోయాక ఆ పూటే నాకు మొదటిసారి ఆకలేసింది.