ఆడియో పోయిన వీడియో

ప్రపంచం తిరుగుతూ ఆన్‌లైన్‌లో ఎలా సంపాదించాలో మన తెలుగువాళ్లకు నేర్పే పాఠాలు కొన్ని సూరత్‌లో, బమ్రోలి అనే పేటలో, మా రేకుల గదిలో పుట్టాయి. రాసింది నేను. తెర మీద కనిపించింది మాత్రం ఒక హైదరాబాదు మనిషి. అతని పేరు ఇక్కడ రాయను. జాలి పడి కాదు, నా చేత్తో అతనికి ఇంకో నలుగురు ప్రేక్షకులను తెచ్చిపెట్టడం ఇష్టం లేక.

అతను ఒక నెల బాలిలో ఉంటే ఇంకో నెల జార్జియాలో ఉండేవాడు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, వెనక సముద్రం కనిపించేలా కూర్చుని, "ఆఫీసు లేదు, బాస్ లేడు" అనేవాడు. ఆ వీడియోలు కత్తిరించి అతికించేది, కింద అక్షరాలు వేసేది, అప్‌లోడ్ చేసేది నేను. పాఠాల్లో ఉన్న పనులన్నీ నేను చేసి చూసినవే. దుకాణాల తరఫున లైవ్‌లో చీరలు అమ్మాను, కంప్యూటర్‌లో చీరల నేతకు జకార్డ్ డిజైన్లు గీశాను, ప్రకటనలకు గొంతిచ్చాను, విదేశాల్లో ఉన్న పిల్లలకు ఫోన్‌లో తెలుగు నేర్పాను. అతను చేసిన పని ఒక్కటే, ఇలా సంపాదించవచ్చని చెప్పడం. అదే అతని సంపాదన. ఇక నేను తిరిగిన ప్రపంచమంటారా, ఇటు పక్కనున్న బార్డోలీ దాకా బస్సు, అటు ఏడాదికోసారి మా ఊరికి రైలు.

జీతం ఏ నెలా ఆపలేదు. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. నన్ను కట్టిపడేసింది జీతం కాదు, ఒక మాట.

"చెల్లే, ఈ కోర్సు నీ మొఖంతోనే చేద్దం. రాసింది నువ్వే, చెప్పేది గూడ నువ్వే" అన్నాడు.

మురిసిపోయాను. గల్లీ అంతా చెప్పాను. నాయన తను పనిచేసే మరమగ్గాల కార్ఖానాలో చెప్పుకున్నాడు. ఆ ఆశతోనే చీరల లైవ్‌లు మానేసి పాఠాలన్నీ రాసి పంపాను. నా పాఠాలు నా ముఖంతో చెప్పుకోవాలి, నాకు కావలసింది అంతే. షూటింగ్ ఎప్పుడని అడిగితే మాత్రం "జర ఆగు చెల్లే, లైటింగ్ కుదరాలె" అనేవాడు.

ఒకరోజు కోర్సు ట్రైలర్‌లో వాడమని ఒక వీడియో పంపాడు. సముద్రం ఒడ్డున కుర్చీలో కూర్చుని, చేతిలో కొబ్బరిబోండాంతో, వీడియో తీస్తున్న స్నేహితుడితో నవ్వుతూ ఏదో మాట్లాడుతున్నాడు. కింద మెసేజ్: "మైక్ ఆన్ చెయ్యలే. ఆడియో పోయింది. మ్యూజిక్ వేసెయ్."

ఆడియో పోయిందట! సాంచాల మధ్య పెరిగిన దానికి ఆడియోతో పనేమిటి? మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకే కార్ఖానాలో అందరూ పెదవులు చూసి మాట అందుకుంటారు. అన్నం తీసుకెళ్లే ఆడవాళ్లకూ పిల్లలకూ ఆ విద్య దానంతటదే వచ్చేస్తుంది. మా ఇంట్లో లోపల్లోపల గొణుక్కోవడం కుదిరేది కాదు, నేను గోడవైపు తిరిగి తిట్టుకునేదాన్ని. అమ్మా నాయనా మాకు తెలియకూడదని గొంతు లేకుండా కొట్లాడుకునేవారు, మేము కూర్చుని అంతా చూసేవాళ్లం.

అతనికి ఇదేమీ తెలియదు. వీడియో చూశాను, ఒళ్లు మండిపోయింది. అయినా పెదవులు ఒక్కోసారి మోసం చేస్తాయి. తప్పు చదివి మనిషిని ఆడిపోసుకోవడం ఎందుకని, సెలవు రోజు మధ్యాహ్నం మంచం మీద కూర్చున్న నాయన చేతిలో ఫోన్ పెట్టి, "ఏమంటుండో చూడు నాయనా" అన్నాను. ఆ మనిషి ఎవరో చెప్పలేదు.

నాయనకు చెవులు సగం పోయాయి, అందుకని గొంతు పెద్దది. ఆ గొంతుతో, గల్లీ అంతా వినేలా, ఒక్కో ముక్కా చదివాడు.

"పాఠాలన్ని ఆ సూరత్ పిల్లనే రాసింది. మొఖం చూపిస్త అని ఆశ పెట్టిన. సాంచాలోళ్ల పిల్ల మొఖం పెడితే ఎవడు కొంటడు? పని అయిపోనీ, తీసేస్త..."

చదువుతూ చదువుతూ ఆగిపోయి నా వైపు చూశాడు. ఎదురింటామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. అది లోకంలో ఉన్నదే, అంతవరకైతే ఓర్చుకునేదాన్నేమో. కానీ నా ముఖం అమ్ముడుపోదన్న మాట మా నాయన నోటితో చెప్పించాడు. అది మాత్రం క్షమించలేదు, క్షమించను. ఇక్కడినుంచి 'వాడు' అనే రాస్తాను.

"ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు నాయన.

"నా పని నేను చేస్త. కింద అక్షరాలు వేస్త."

నాయన ఫోన్ నా చేతికి తిరిగిచ్చాడు. "జర పెద్దగ వెయ్యి. నా అసుంటోళ్లకు గూడ కనవడాలె."

వేశాను. పసుపు రంగులో, పెదవి కదిలిన చోటే మాట పడేలా, చూసి చూసి వేశాను. అంత శ్రద్ధగా ఇంకే పనీ చేయలేదు. వాడు అడిగిన మ్యూజిక్ కూడా పెట్టి, అప్‌లోడ్ చేసి, చాయ్ కాచుకుని తాగాను. అంత రుచి గల చాయ్ ఈ మధ్య తాగలేదు.

వాడు ఆ సమయానికి ఇంకో దేశానికి ఎక్కిన విమానం దిగి చూసుకుని తీసేసేలోపు జనం దాన్ని దాచుకున్నారు, పంచుకున్నారు. ముందే డబ్బు కట్టి కోర్సు కొన్నవాళ్లు నిలదీశారు. దొంగకు తేలు కుట్టినట్టు రెండు రోజులు వాడు కిక్కురుమనలేదు. తర్వాత నాకు ఫోన్ చేసి కేసు పెడతానన్నాడు. పెట్టుకొమ్మన్నాను. మర్నాడు గొంతు మారింది.

"చెల్లే, అక్షరాలు తప్పు పడ్డయని ఒక్క మాట చెప్పు. లైవ్ పెడదం. నీ మొఖంతోనే చెప్పు. నువ్వు చెప్తెనే నమ్ముతరు."

ఇన్నాళ్లూ లైటింగ్ కుదరని ముఖం, వాడి పరువు నిలబెట్టాల్సి వచ్చేసరికి కుదిరిపోయింది!

"సరే అన్నా" అన్నాను.

తల దువ్వుకుని, అమ్మ చీర కట్టుకుని, ఎప్పటిలాగే వాడి ఛానెల్‌లో లైవ్ నేనే మొదలుపెట్టాను. బయట సాంచాలు నడుస్తున్నాయి. కిటికీ మూయలేదు. తెరలో ఒక పక్క వాడు, ఒక పక్క నేను. వాడు చేతులు కట్టుకుని, "ఇగో, మా చెల్లె. నిజమేందో ఆమెనే చెప్తది" అన్నాడు.

"నమస్తే" అన్నాను. "మీరు కొన్న పాఠాలు రాసింది నేను. ఆ మాటలన్నది ఈయన. నేనేసిన అక్షరాలల్ల ఒక్కటి గూడ తప్పు లేదు."

వాడి ముఖం మాడిపోయింది. తెర దగ్గరికి వంగి, నన్ను తీసేసే బటన్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. లైవ్‌లన్నీ నడిపింది నేనే కాబట్టి అది ఎక్కడుంటుందో వాడికి తెలియదు. వాడు వెతుకుతుండగానే నేను మొదటి పాఠం మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను.